రెండు బల్లల సంఘం

ఆదివారం ఉదయం పదకొండు దాటింది. అమెరికాలో ఒక చిన్న ఊరి ఎపిస్కోపల్ చర్చి. సిలువ పట్టుకున్న పిల్లవాడు ముందు నడవగా, పాటల బృందమూ గురువూ చివరి కీర్తన పాడుకుంటూ గుమ్మం దాకా వెళ్లారు. తరువాత అందరూ పక్కనున్న హాలులోకి నడిచారు. అక్కడ పొడవాటి బల్ల మీద కుళాయి ఉన్న పెద్ద స్టీలు పాత్రలో కాఫీ, ఎవరో ఇంట్లో చేసి తెచ్చిన నిమ్మకాయ కేకు, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు ఉన్నాయి. ఏ ఆదివారం కాఫీ వంతు ఎవరిదో రాసుకునే కాగితం ఒకటి గోడకు అంటించి ఉంది. అందులో రెండు గళ్లు ఖాళీ. జనం ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. గోడ వారగా, కాగితం కప్పును రెండు చేతులతో పట్టుకొని ఒక కొత్త మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

ఆ కొత్త మనిషిని నేనే. తెలుగునేల మీద దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో పెరిగి, ఉద్యోగం కోసం ఆ దేశం వెళ్లిన తొలి రోజులవి. అరగంట ముందు వీళ్ల పక్కనే మోకరించాను. అదే రొట్టెలో ముక్క తిన్నాను, అదే గిన్నెలో తాగాను. హాలులోకి వచ్చేసరికి ఒక్కరి పేరూ నాకు తెలియదు. యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారపు భోజనాన్ని మన సంఘాల్లో ‘బల్ల’ అంటాం కదా. ఆ బల్లకూ ఈ కాఫీ బల్లకూ మధ్య ఉన్న దూరం పదిహేను అడుగులే. ఆ పదిహేను అడుగులు దాటడం ఎందుకంత కష్టమో, దాటించేందుకు వాళ్లు ఏ ఏర్పాట్లు చేసుకున్నారో తెలిస్తేనే ఎపిస్కోపల్ పారిష్, అంటే స్థానిక సంఘం, జీవితం అర్థమవుతుందని నా నమ్మకం.

ముందు పేర్ల చిక్కు విప్పాలి. ‘ఎపిస్కోపల్’ అన్న మాటకు మూలం గ్రీకు భాషలోని ‘ఎపిస్కోపోస్’. పైనుండి కనిపెట్టి చూసేవాడని అర్థం. తెలుగు బైబిలు దాన్ని ‘అధ్యక్షుడు’ అంది. మన సి.ఎస్.ఐ. వారు డయోసిస్‌ను, అంటే ఒక బిషప్ పాలన కింది ప్రాంతాన్ని, ‘అధ్యక్ష మండలం’ అనేది అందుకే. అంటే ఎపిస్కోపల్ చర్చి అన్నా బిషప్పుల పాలనలో నడిచే చర్చి అన్నా ఒకటే. హైదరాబాదు ప్రాంతంలో పాతతరం వారికి తెలిసిన ‘మెథడిస్ట్ ఎపిస్కోపల్’ వేరు, ఇది వేరు. ఇది ఇంగ్లండు చర్చికి అమెరికాలో పుట్టిన బిడ్డ. స్వాతంత్ర్య యుద్ధం ముగిసేసరికి ఆ బిడ్డకు పెద్ద కష్టం వచ్చింది. ఇంగ్లండులో బిషప్ కావాలంటే రాజుకు విధేయత ప్రమాణం చేయాలి. రాజుతో తెగతెంపులు చేసుకున్న దేశం నుంచి వచ్చినవాడు ఆ ప్రమాణం ఎలా చేస్తాడు? శామ్యూల్ సీబరీ అనే ఆయన స్కాట్లండు వెళ్లి, 1784 నవంబరులో అబర్డీన్‌లో అక్కడి బిషప్పుల చేతుల మీదుగా అభిషేకం పొందాడు. 1789లో ఫిలడెల్ఫియాలో ఈ చర్చి తన రాజ్యాంగాన్ని, తన ప్రార్థనల పుస్తకాన్ని ఆమోదించుకుంది. దేశ రాజ్యాంగం రాసుకున్నదీ ఆ ఊళ్లోనే, అంతకు రెండేళ్ల ముందు. ఆ పోలిక ఊరికే రాలేదు. అమెరికా చట్టసభలాగే చర్చి మహాసభకు కూడా రెండు సభలు ఉంటాయి. ఒకటి బిషప్పులది, రెండోది గురువులూ మామూలు విశ్వాసులూ కలిసి కూర్చునేది.

పారిష్ అన్న మాటలో మరో చిక్కు ఉంది. ఇంగ్లండులో పారిష్ అంటే హద్దులున్న నేల. ఆ హద్దుల్లో కాపురమున్న ప్రతి ఇల్లూ, గుడికి వచ్చినా రాకపోయినా, ఆ గురువు బాధ్యతే. మన కతోలికులు ‘విచారణ’ అనేదీ దాదాపు ఈ అర్థంలోనే. అమెరికాలో ఎపిస్కోపల్ పారిష్ అలా కాదు. ఇష్టపడి వచ్చినవాళ్లే పారిష్. ఇరవై మైళ్ల దూరం నుంచి, దారిలో ఇంకో రెండు చర్చిలు దాటుకుంటూ కారులో వచ్చేవాళ్లూ ఉంటారు. ఆదివారం తప్ప ఒకరి ముఖం ఒకరికి కనబడదు. చెరువుగట్టున, రేషన్ షాపు దగ్గర, పెళ్లిళ్లలో రోజూ కలిసే మన పల్లె సంఘాల వారికి సహవాసం పుట్టుకతో వస్తుంది, దానితో పాటు కులం గోడలూ వస్తాయి. అక్కడ ఆ సహవాసాన్ని పనిగట్టుకొని అల్లుకోవాలి.

దేనితో అల్లుకుంటారు? ప్రార్థనల పుస్తకంతో అని చెబితే మొదట నేనూ నమ్మలేదు. ఈ చర్చిలో ఒక సిద్ధాంత పత్రం చేతికిచ్చి, ప్రతి వాక్యానికీ సంతకం పెట్టమని అడగరు. విశ్వాస ప్రమాణం అందరూ కలిసి చదువుతారు. అంతకుమించి రాజకీయాల మీద, బైబిలు వ్యాఖ్యానం మీద పక్కపక్క బెంచీల్లో కూర్చున్నవాళ్లకు పొసగని అభిప్రాయాలు ఉంటాయి. వాళ్లను కలిపి ఉంచేది ఒకే మాటలతో, ఒకే వరుసలో చేసే ప్రార్థన. ఇప్పుడు వాడుకలో ఉన్న పుస్తకం 1979 నాటిది. అంతకుముందు చాలా పారిష్‌లలో మామూలు ఆదివారాల్లో ఉదయ ప్రార్థన ఉండేది, సంస్కారపు భోజనం నెలకొకసారో ఎప్పుడో. 1979 పుస్తకం ప్రభు భోజనాన్నే ఆదివారపు ప్రధాన ఆరాధన చేసింది. బల్లను పక్క నుంచి నడిమధ్యకు తెచ్చిందన్నమాట.

ఇంకొక పని కూడా చేసింది. బాప్తిస్మం సమయంలో సంఘమంతా లేచి నిలబడి చెప్పే ప్రమాణాల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలోని మాటలను చేర్చింది. అపొస్తలుల బోధలోనూ సహవాసంలోనూ రొట్టె విరవడంలోనూ ప్రార్థనల్లోనూ ఎడతెగక ఉంటారా అని గురువు అడుగుతాడు. దేవుని సహాయంతో ఉంటామని అందరూ జవాబిస్తారు. ఆ వరుసలో సహవాసం రెండోది, రొట్టెకన్నా ముందే వచ్చింది. వీలుంటే చేసే మర్యాదగా కాక, దేవుని ముందు ఇచ్చిన మాటగా దాన్ని పుస్తకంలో రాసిపెట్టుకున్నారు. కొత్త మనిషిని పలకరించకుండా తన స్నేహితులతో కాఫీ తాగి వెళ్లిపోతే తప్పిపోయేది మర్యాద ఒక్కటే కాదు, ఆ మాట కూడా.

ఇక్కడ తెలుగు పాఠకులు గర్వపడదగిన సంగతి ఒకటి ఉంది. ఎపిస్కోపల్ ఆరాధన మధ్యలో గురువు ‘ప్రభువు సమాధానం ఎల్లప్పుడూ మీతో ఉండుగాక’ అనగానే జనం బెంచీల్లోంచి కదిలి ఒకరి చేతులు ఒకరు పట్టుకుంటారు. ఆదిమ సంఘంలో ఉండి, పాశ్చాత్య దేశాల మామూలు జనం ఆరాధనలో శతాబ్దాల పాటు కనబడకుండా పోయిన ఆచారం అది. దాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చినవారిలో ముందు నిలిచింది మన దక్షిణ ఇండియా సంఘం. ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ ధారలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన ఈ సంఘం తన కొత్త ఆరాధన క్రమాన్ని 1950లో మధురైలో జరిగిన సినడ్‌లో, అంటే తన మహాసభలో, మొదటిసారి వాడింది. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర బతికే ఉన్న పద్ధతిని చూసి, సమాధానాన్ని చేతినుండి చేతికి అందించే ఆచారాన్ని అందులో చేర్చారు. ఒకరి రెండు అరచేతుల మధ్య ఇంకొకరి అరచేతిని ఉంచడం, అంతే. ప్రపంచమంతటా ఆరాధన క్రమాలను తిరగరాస్తున్న పండితులు ఆ మధురై క్రమాన్ని శ్రద్ధగా చదివారు. 1979 నాటికి అమెరికా పుస్తకంలోనూ ఆ పలకరింపు వచ్చి చేరింది.

మొదట్లో చాలామందికి అది నచ్చలేదు. మౌనంగా తలవంచి దేవునితో మాట్లాడుకునే చోట పక్కవాడి చెయ్యి పట్టుకోవడం ఏమిటని కొందరు పుస్తకంలోంచి తల ఎత్తేవారు కారు. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ పలకరింపు ఎంతకీ ముగియక, గురువు కానుకల వాక్యం గట్టిగా చదివితే గానీ జనం బెంచీలకు తిరిగి రారు. నేను వెళ్లిన చర్చిలోనూ ఆ సమయంలో పదిమంది నా చెయ్యి పట్టుకున్నారు. హాలులో మాత్రం ఒంటరినయ్యాను. చేతులు కలిపే వేళ ఎవరు ఏం అనాలో పుస్తకం చెబుతుంది. కాఫీ బల్ల దగ్గర ఏ పుస్తకమూ లేదు, అక్కడ మాట మనమే వెతుక్కోవాలి. ఆ దూరం ఎందుకు కష్టమో నాకు తెలిసింది అప్పుడే.

బయటినుంచి చూసేవారికి ఒకే పారిష్‌గా కనబడేది లోపల చాలాసార్లు రెండుగా ఉంటుంది. ఎనిమిది గంటల ఆరాధన, పది గంటల ఆరాధన. ఎనిమిదింటికి వచ్చేవారు తక్కువ. పాటలుండవు, భాష పాతది, ఎక్కువమంది పెద్ద వయసువారు, ముప్పావుగంటలో ముగించుకొని వెళ్లిపోతారు. పదింటికి పిల్లలు, పాటలు, ఆర్గన్, సందడి. ఇరవై ఏళ్లుగా ఒకే చర్చి సభ్యులై ఉండి ఒకరినొకరు ఎరగనివాళ్లు ఉన్నారు. వాళ్లను కలిపేది ఏడాదికి కొన్ని సందర్భాలే. శ్రమ దినాలకు ముందు మంగళవారం రాత్రి హాలులో అట్లు వేసి వడ్డించే విందు ఒకటి. అక్టోబరు తొలి వారంలో సెయింట్ ఫ్రాన్సిస్ పేరిట కుక్కల్ని, పిల్లుల్ని, ఒక్కోసారి గుర్రాల్ని కూడా తెచ్చి ఆశీర్వాదం ఇప్పించుకునే రోజు ఇంకొకటి. తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే భోజనాలు సరేసరి. అవి మన ప్రేమ విందులకు దగ్గర చుట్టాలు.

ఇక పెత్తనం ఎవరిదన్న సంగతి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బిషప్పుల చర్చి కనుక అంతా బిషప్ చెప్పినట్టే జరుగుతుందని అనుకుంటారు. సి.ఎస్.ఐ.లో బిషప్ గారు అయ్యగారిని, అంటే గురువును, ఒక పాస్టరేట్ (స్థానిక సంఘం) నుంచి ఇంకొక పాస్టరేట్‌కు బదిలీ చేస్తారు. సంఘం వీడ్కోలు సభ పెడుతుంది, కొత్త అయ్యగారికి స్వాగత సభ పెడుతుంది. ఎపిస్కోపల్ పారిష్ తన గురువును తానే వెతుక్కుంటుంది. సభ్యులు ఏటా సమావేశమై ఓట్లు వేసి ఎన్నుకునే కమిటీని ‘వెస్ట్రీ’ అంటారు. వెస్ట్రీ అంటే అసలు గురువు వస్త్రాలు మార్చుకునే గది. ఇంగ్లండులో ఊరి పెద్దలు ఆ గదిలో కూడేవారు కనుక గది పేరే సభకు స్థిరపడింది. పారిష్ గురువును రెక్టర్ అంటారు. ఆ పదవి ఖాళీ అయితే ఒక బృందాన్ని వేస్తారు. సంఘం తన గురించి తాను నిజాయితీగా రాసుకున్న వివరాలు బయటికి పంపుతారు, దరఖాస్తులు చూస్తారు, మాట్లాడతారు, బిషప్ సమ్మతితో వెస్ట్రీ పిలుపునిస్తుంది. ఇదంతా తేలడానికి ఏడాది పట్టడం మామూలే. ఆ ఏడాదిలో సంఘం తనను తాను చూసుకుంటుంది. కొన్ని పారిష్‌లు అప్పుడే దగ్గరవుతాయి, కొన్ని అప్పుడే చీలుతాయి.

వచ్చిన రెక్టర్ వెస్ట్రీ కింద ఉద్యోగి కాడు. ఆరాధన ఎలా జరగాలి, భవనాన్ని దేనికి వాడాలి అన్నది రెక్టర్ మాట. ఆస్తి, డబ్బు వెస్ట్రీ మాట. ఇద్దరు వార్డెన్లు ఉంటారు. పెద్ద వార్డెన్ రెక్టర్‌కు కుడిభుజం, చిన్న వార్డెన్ ఆనవాయితీగా పైకప్పు, బాయిలరు, పెరటి గడ్డి చూసుకునే మనిషి. రెక్టర్‌తో పొసగకపోతే వెస్ట్రీ ఓటు వేసి పంపించడానికి వీల్లేదు, రెండు పక్షాలూ బిషప్ ముందుకు వెళ్లాల్సిందే. మొదట ఇది అనవసరపు ముడి అనిపించింది నాకు. చూడగా చూడగా మెచ్చుకున్నాను. అలిగి తెంచుకు పోవడాన్ని కష్టం చేసి, కూర్చుని మాట్లాడుకోవడాన్ని తప్పనిసరి చేసే ఏర్పాటు ఇది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. మన సంఘ చందా లాంటిది కాదు, ‘ప్లెడ్జ్’ అంటారు. శరదృతువులో ప్రతి కుటుంబం వచ్చే ఏడాది ఎంత ఇవ్వగలదో ఒక కార్డు మీద రాసి ఇస్తుంది, దాన్ని బట్టే బడ్జెట్. ఎవరు ఎంత రాశారో చాలాచోట్ల కోశాధికారికి, ఇంకొకరిద్దరికి తప్ప తెలియదు. ఇది చాలా మంచి మార్పు. ఎందుకంటే 19వ శతాబ్దంలో అనేక ఎపిస్కోపల్ చర్చిల్లో బెంచీలు అద్దెకిచ్చేవారు. ఎక్కువ అద్దె కట్టిన కుటుంబం ముందు కూర్చునేది, కట్టలేనివాడు వెనకో పైనో. ఎవరి తాహతు ఎంతో గుడిలో అడుగుపెట్టగానే తెలిసిపోయేది. విలియం ఆగస్టస్ మ్యూలెన్‌బర్గ్ అనే గురువు 1840లలో న్యూయార్కులో కట్టించిన చర్చిలో అద్దె బెంచీలు లేకుండా చేశాడు. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చన్నది ఆ రోజుల్లో సాహసం.

బెంచీలంటే ఇంకా చేదు చరిత్ర ఉంది, దాన్ని దాటవేసి ఈ చర్చి సహవాసం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అబ్సలోమ్ జోన్స్ 1746లో డెలావేర్‌లో బానిసగా పుట్టాడు. కూలిపని చేసి కూడబెట్టి ముందు భార్య విముక్తి కొన్నాడు, తరువాత తనది. ఫిలడెల్ఫియాలో ఒక మెథడిస్టు చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థిస్తుండగా, నల్లవారికి కేటాయించిన చోట కూర్చోలేదని లేవదీయడానికి వచ్చారు. ప్రార్థన ముగిశాక ఆయనా ఆయన తోటివారూ లేచి బయటికి నడిచారు. వారు కట్టుకున్న చర్చి 1794 జూలైలో తెరుచుకుంది. ఎపిస్కోపల్ చర్చిలో చేరిన మొదటి నల్లజాతి పారిష్ అదే, సెయింట్ థామస్. జోన్స్ ఈ చర్చిలో గురువుగా అభిషేకం పొందిన మొదటి నల్లజాతివాడు. చేర్చుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. డయోసిస్ సభకు ఆ పారిష్ ప్రతినిధులు రాకూడదు. అంతర్యుద్ధ కాలం దాకా ఆ తలుపు మూసే ఉంది. బల్ల దగ్గరికి రానిచ్చి, నిర్ణయాలు చేసే చోటికి రానివ్వకపోవడం ఎలా ఉంటుందో మన ఊళ్ల పేటల్లో పుట్టినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

1965లో అలబామాలోని సెల్మా, నల్లవారి ఓటు హక్కు కోసం ఉద్యమం సాగుతున్న ఊరు. ఆ ఊరి సెయింట్ పాల్ ఎపిస్కోపల్ చర్చి నల్లవారూ తెల్లవారూ కలిసి వచ్చిన బృందాన్ని మొదట గుమ్మం దగ్గరే ఆపింది. తరువాత రానిచ్చినా వెనక వరుసలో కూర్చోబెట్టింది. ఆ బృందంలో జొనాథన్ డేనియల్స్ అనే 26 ఏళ్ల వేదాంత విద్యార్థి ఉన్నాడు. అతడు సెల్మాలో ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లో ఉంటూ వారితో తింటూ ఆ నెలలు గడిపాడు. ఆగస్టు 20న జైలు నుంచి విడుదలై, చల్లని పానీయం కొనుక్కుందామని హేన్‌విల్‌లో ఒక దుకాణానికి ముగ్గురితో కలిసి వెళ్లాడు. గుమ్మంలో తుపాకితో నిలబడ్డ మనిషి రూబీ సేల్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి అమ్మాయికి గురిపెట్టాడు. డేనియల్స్ ఆమెను పక్కకు తోసి గుండుకు తాను అడ్డం పడి ప్రాణం విడిచాడు. ఇప్పుడు ఎపిస్కోపల్ చర్చి తన పంచాంగంలో అతణ్ణి ఏటా ఆగస్టులో స్మరించుకుంటుంది. అతని పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని బెంచీలను కూడా స్మరించుకోవాలంటాను నేను.

ఈ గాయానికి మన వైపు నుంచి పలికిన గొంతు ఒకటి ఉంది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య మాట్లాడాడు. తిరునెల్వేలి తమిళుడు, దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకొని మాలమాదిగల మధ్య పనిచేస్తున్నవాడు. రెండేళ్ల తరువాత అదే దోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయన. దొరలు నిండిన ఆ సభలో ఆయన అడిగింది డబ్బు కాదు. మీరు పేదలకు ఆస్తి పంచారు, దేహాలను కూడా అర్పించారు, మాకు ప్రేమ కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. కలిసి పనిచేస్తూ కూడా సాటి మనుషులుగా కలవకపోవడమే ఆయన బాధ. సంస్కారపు బల్ల దగ్గర సమానులై, ఇంటి బల్ల దగ్గర కాకపోవడం. ఏ పారిష్ గురించి చదివినా నాకు ఆ మాట గుర్తుకొస్తుంది.

ఆడవారి కథా ఈ రెండు బల్లల కథే. బలిపీఠం మీద వస్త్రాలు ఉతికి ఇస్త్రీ చేసేది, వెండి గిన్నెలు తుడిచేది, పూలు అమర్చేది, వంటగది నడిపేది వారే. 1889 నుంచి ఇంట్లో చిన్న నీలం పెట్టె పెట్టుకొని, మంచి జరిగిన ప్రతిసారీ అందులో ఒక నాణెం వేసి కృతజ్ఞత కానుకగా కూడబెట్టినది వారే. మహాసభలో ప్రతినిధులుగా కూర్చోవడానికి మాత్రం 1970 దాకా ఆగారు. 1974 జూలైలో ఫిలడెల్ఫియాలో పదకొండు మంది స్త్రీలకు చర్చి అనుమతి లేకుండానే గురుత్వం ఇచ్చారు. రెండేళ్లకు చట్టం మారింది. 1989లో బార్బరా హారిస్ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలోనే తొలి మహిళా బిషప్ అయ్యారు. మన దగ్గర 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్ అయినప్పుడు, సి.ఎస్.ఐ.లో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమె.

మరి బల్ల ఎవరిది? ఇది ఇప్పటికీ తెగని వాదం. చర్చి చట్టం ప్రకారం బాప్తిస్మం పొందనివారు సంస్కారం తీసుకోకూడదు. బాప్తిస్మం ఉంటే చాలు, ఏ సంఘం వారైనా, చిన్న పిల్లలైనా తీసుకోవచ్చు. బిషప్ తల మీద చేతులుంచి ప్రార్థించిన తరువాతే బల్లలో చేరిన నాకు, ఐదేళ్ల పిల్ల తండ్రి పక్కన చేతులు చాచి రొట్టె అందుకోవడం చూసి కళ్లు చెమ్మగిల్లాయి. కొన్ని పారిష్‌లు ఇంకా ముందుకు వెళ్లి, వచ్చిన ప్రతివారినీ పిలుస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ గ్రెగరీ ఆఫ్ నిస్సా చర్చి అలాంటిది. 2000లో అక్కడ పేదలకు సరుకులు పంచడం మొదలుపెట్టినప్పుడు కూరగాయల పెట్టెలు, రొట్టెలు ఆ బలిపీఠం చుట్టూనే పేర్చారు. యేసు జనం ఈసడించుకునే సుంకరులతో, అంటే పన్ను వసూలుదారులతో, తిన్నప్పుడు ముందుగా ఏమీ అడగలేదన్నది వారి వాదన. ప్రమాణం లేకుండా పంచుకున్న రొట్టెకు బరువు తగ్గుతుందన్నది అవతలివారి వాదన. నా మనసు రెండో పక్షం వైపే ఉంది, మొదటి పక్షం వారి వడ్డన చూసినప్పుడల్లా కదులుతుంది.

పారిష్ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కూడా సహవాసపు తీరు మారుతుంది. 1980లలో ఆర్లిన్ రోథాగ్ అనే ఎపిస్కోపల్ గురువు దీన్ని స్పష్టంగా గుర్తించాడు. యాభై మంది లోపు ఉంటే అది ఒక కుటుంబం, అక్కడ ఒక పెద్దావిడో పెద్దాయనో చెప్పిందే మాట, గురువు వస్తాడు పోతాడు. నూటయాభై దాకా గురువే ఇరుసు, అందరి పేర్లూ ఆయనకు తెలుసు. మూడువందల యాభై దాకా వెళ్తే గురువు ఒక్కడే అందరినీ కలవలేడు, చిన్న చిన్న బృందాలు కావాలి. అంతకుమించితే అది ఒక సంస్థ. గొడవలు ఎక్కువగా పుట్టేది ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారేటప్పుడే. ముప్పైమంది చర్చి యాభై దాటుతుంటే, అప్పటిదాకా వంటగది తాళాలు కొంగున కట్టుకున్న పెద్దావిడకు తన ఇల్లు పరాయిదవుతున్నట్టు ఉంటుంది. ఆమెను చాదస్తురాలు అనేస్తారు. ఆమె పోగొట్టుకుంటున్నది ఏమిటో ఎవరూ అడగరు.

ఇప్పుడు ఎక్కువ పారిష్‌లు దిగుతున్న మెట్ల మీద ఉన్నాయి. 1960ల మధ్యలో 34 లక్షలు దాటిన సభ్యులు ఇటీవలి లెక్కల్లో 15 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. 2003లో న్యూహాంప్‌షైర్‌కు స్వలింగ భాగస్వామితో జీవిస్తున్న జీన్ రాబిన్సన్‌ను బిషప్‌గా ఎన్నుకున్న తరువాత కొన్ని పారిష్‌లు, కొన్ని డయోసిస్‌లు విడిపోయాయి. భవనాల కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించుకున్నారు. పారిష్ ఆస్తి మొత్తం చర్చి తరఫున, డయోసిస్ తరఫున ధర్మకర్తృత్వంలో ఉన్నదని 1979లో చేసిన చట్టం వాటిలో పెద్ద అంశమైంది. చర్చి ఆస్తుల వ్యాజ్యాలు తెలిసిన మనకు అది కొత్తగా ఉండదు. మిగిలిన చిన్న పారిష్‌లు రెండు మూడు కలిసి ఒక గురువును పోషించుకుంటున్నాయి. గిన్నెలు కడిగే చేతులు ఏళ్లకేళ్లు అవే.

ఆ చేతుల పని దగ్గరగా చూశాక నాకు గౌరవం పెరిగింది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరికి ఆపరేషన్ అయినా రెండు వారాల పాటు వంతులవారీగా భోజనం వెళ్తుంది. గిన్నె మూత మీద టేపు అతికించి ఇంటిపేరు రాసి ఉంటుంది, ఖాళీ గిన్నె ఆదివారం హాలుకు తిరిగి వస్తుంది. ఆరాధనలో జబ్బుపడినవారి పేర్లు మామూలు విశ్వాసి ఒకరు పైకి చదువుతారు, ఒక్కొక్క పేరు తరువాత ఆగుతారు. మంచం దిగలేనివారి కోసం, సంఘం పంచుకున్న రొట్టెలోంచే ఒక ముక్కను చిన్న పెట్టెలో పెట్టి, ఆరాధన ముగియగానే శిక్షణ పొందిన సభ్యులు తీసుకొని వెళ్తారు. అలా వెళ్లినవారు ఆ రోజు హాలులో కాఫీ తాగరు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

న్యూయార్కులో చెల్సియా ప్రాంతంలో హోలీ అపోస్తల్స్ అనే పాత ఎపిస్కోపల్ చర్చి ఉంది. 1982లో అక్కడ ఆకలిగొన్నవారికి మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలుపెట్టారు. 1990లో చర్చి మంటల్లో బాగా దెబ్బతింది. బాగుచేయించేటప్పుడు వారు ఒక నిర్ణయం చేసుకున్నారు: బెంచీలు తిరిగి బిగించలేదు. ఖాళీ అయిన ఆ నేల మీద, రంగుటద్దాల కిటికీల కింద, వారం దినాల్లో గుండ్రటి బల్లలు వేసి వందలమందికి భోజనం వడ్డించారు. ఆదివారం ఆ బల్లలు తీసి కుర్చీలు వేసి ఆరాధన చేశారు. అద్దె బెంచీలతో మొదలైన కథ ఒక్క చర్చిలోనైనా అక్కడిదాకా నడిచింది.

నా సంగతి చెప్పి ఆపుతాను. ఆ మొదటి ఆదివారం హాలు సగం ఖాళీ అయ్యాక, వంటగదిలోంచి ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒకరు తడి చేతులతో బయటికి వచ్చారు. నా చేతిలోని కప్పు తీసుకొని, పొడి తువ్వాలు ఒకటి భుజం మీద వేశారు. ఆవిడ కడిగి అందిస్తుంటే నేను తుడిచి బల్ల మీద బోర్లించాను. నా పేరు అడిగారు. నోరు తిరగలేదు, మళ్లీ అడిగారు. మూడోసారికి సరిగ్గా పలికారు. ఇంటికి వెళ్లేముందు గోడ మీది కాగితంలో ఖాళీగా ఉన్న గళ్లలో ఒకదాంట్లో నా పేరు రాశాను. ఆ వారం రవ్వలడ్డూలు చేసి పట్టుకెళ్లాను.